దిద్దుట – దిద్దించుట

తెలుగున 'దిద్దు' అను క్రియకు రెండు వ్యవహారములు కలవు. బాలుడు పలకపై ఓనమాలు దిద్దును. పరీక్షకుడు సమాధానపత్రమును దిద్దును. మొదటిదానిలో పనిచేయు చేయి విద్యార్థిది, రెండవదానిలో పరీక్షకునిది. తెలుగు వికీపీడియాలో మార్పునకు 'దిద్దుబాటు' అను పేరును కలదు. అందు క్రొత్తగా వ్రాయ మొదలిడిన విద్యార్థికి సలహా చెప్పువారు ఈ రెండింటిలో దేనిని అవలంబింపవలెనను ప్రశ్న ప్రాచ్యకళాశాలాధ్యాపకులు ఆలోచింపదగినది.

కొమర్రాజు లక్ష్మణరావుగారు 1923లో దివంగతులగుటతో ఆంధ్రవిజ్ఞానసర్వస్వము వారి చేతిలో అకారాది వ్యాసముల యొద్దనే నిలిచిపోయినది. 2003 డిసెంబరులో ఆరంభమైన తెలుగు వికీపీడియా పలువురి చేతులపై నడచునది. కావున క్రొత్తచేయి యొకటి వెనుకకు పోవుట స్వల్పనష్టము కాదు.

తిరుపతి విద్యార్థి యొకడు శ్రీకాళహస్తి దేవాలయమును గూర్చి వ్యాసము వ్రాసెననుకొందము. పాత గ్రంథమును అనుసరించి, 1516 నాటి కృష్ణదేవరాయల రాజగోపురము నేటికిని నిలిచియున్నదనియు, క్షేత్రము చిత్తూరు జిల్లాలోనిదనియు వ్రాసెను. ఆ గోపురము 2010 మే 26న కూలిపోయినది. నూతనగోపురము 2017లో పూర్తియైనది. 2022 ఏప్రిల్ 4 నుండి శ్రీకాళహస్తి తిరుపతి జిల్లాలో చేరినది. ఇంతేకాక, భక్తుల కోర్కెలన్నియు ఇచ్చట తీరునని తన మాటగా చేర్చెను. అనుభవజ్ఞుడు ఈ వాక్యములను క్షణములో తొలగించి 'మూలము లేదు' అని వ్రాయగలడు. వ్యాసము శుద్ధమగును, విద్యార్థికి మాత్రము తన వ్రాత పోయినదన్న సంగతి తప్ప వేరేమియు తెలియదు.

అట్లు గాక, వ్యాసమున బాగున్న భాగమును ముందు పేర్కొని, 'ఈ గ్రంథము ఏ సంవత్సరమున ముద్రితమైనది?' అని యొక్క ప్రశ్న వేసినచో చాలును. గోపురమును గూర్చిన దోషమును, జిల్లాను గూర్చిన దోషమును రెండింటిని విద్యార్థి తానే కనుగొనును. మహిమావాక్యమును నిషేధింపనక్కరలేదు, అది స్థలపురాణములో ఉన్నచో 'స్థలపురాణము ననుసరించి' అని చెప్పి, ఆ గ్రంథమును పేర్కొనుమనవలెను. మూలము లేనిదేదియు వ్రాయనని ప్రతిజ్ఞ చేసిన మల్లినాథసూరి వ్యాఖ్యానములను చదివినవారికి ఈ నియమము క్రొత్తది కాదు. తరగతిలో నేర్చినదే ఇచ్చటను వర్తించునని గుర్తుచేయుటయే గురువు పని.

అంతవరకు తప్పు నిలిచియుండి పాఠకులను మోసగింపదా యను ఆక్షేపణ న్యాయమైనదే. జీవించియున్నవారిపై నిరాధారనింద, పరుల గ్రంథమునుండి యథాతథముగా ఎత్తివ్రాసిన భాగము మున్నగువానిని తక్షణమే తొలగింపవలెను. అయినను కారణమును చర్చాపుటలో వివరముగా వ్రాయుటకు అడ్డేమియు లేదు. పూర్వపాఠము సాధారణముగా పుట చరిత్రలో భద్రముగానే యుండును గనుక తక్కిన దోషములకు రెండుదినముల ఓర్పు వలన కలుగు హాని స్వల్పము. చర్చాపుట అందరును చూచునది. అచ్చట పరిహాసముగా వ్రాసిన ఒక్కమాట తరగతిలో చేసిన మందలింపుకన్న ఎక్కువ కాలము నిలుచును.

సలహా ఫలించినదా లేదా యనుటకు సవరింపబడిన మొదటి వ్యాసము ప్రమాణము కాదు. ఆ విద్యార్థి రెండవ వ్యాసము వ్రాసెనా, అందు మూలములను తానై చూపెనా యనునదే ప్రమాణము.