వారానికొక్కసారి వేసుకునే మాత్ర

ఆకుకూరల గురించి రాశాక వచ్చిన ఉత్తరాల్లో ఒకటి చదివి కాసేపు ఆలోచించాల్సి వచ్చింది. ఒక సోదరి రుమటాయిడ్ కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడుతున్నారట. "ఈ మందు ఫోలిక్ యాసిడ్‌కి శత్రువని మా అబ్బాయి చెప్పాడు. డాక్టరుగారేమో మర్నాడు ఫోలిక్ యాసిడ్ మాత్ర కూడా వేసుకోమన్నారు. ఇదేం వైద్యమండీ?" అని అడిగారు. చక్కటి ప్రశ్న!

'ఫోలిక్' అన్న పేరు ఆకు అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. పాలకూర, తోటకూర, శనగలు, పెసలు, వీటన్నిటిలో ఈ జాతి విటమిను ఫోలేటు ఉంటుంది. అయితే తినగానే సరిపోదు. మన జీవకణాల్లో డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే మాంసకృత్తి ఒకటుంది. పేరు చాంతాడంత గానీ మనిషి చిన్నదే, 186 ఎమైనో ఆమ్లాల గొలుసు. కణం రెండు కావాలంటే లోపలి డి.ఎన్.ఎ.కి కొత్త ప్రతి తయారవ్వాలి. ఆ ప్రతికి కావలసిన ఒక ముఖ్యమైన సరుకు చేసేటప్పుడల్లా ఫోలేటు డస్సిపోతుంది. దానికి రెండు హైడ్రోజన్లు అందించి మళ్లీ పనికి సిద్ధం చేసేది ఈ మాంసకృత్తే. అంట్లు తోమి మళ్లీ పొయ్యి దగ్గరికి అందించే పనావిడ అనుకోండి. ఆవిడ నాలుగు రోజులు రాకపోతే ఇంట్లో గిన్నెలెన్ని ఉన్నా వంట ఆగిపోతుంది కదా!

మెథోట్రెక్సేట్ అచ్చం ఫోలేటులాగే కనిపిస్తుంది. ఆవిడ చేతికి చిక్కి ఇక వదలదు. అంట్లు పేరుకుపోతాయి, కణం చీలడం ఆగుతుంది. గబగబా చీలే కణాలకే ఈ దెబ్బ ఎక్కువ. రక్త క్యాన్సరు కణాలు అలాంటివే. ఎముక మూలుగ, నోటి లోపలి పొర, కడుపులో బిడ్డ కూడా అలాంటివే సుమా.

ఈ జాతి మందుల వెనక మన తెలుగువారున్నారు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలు నడిపించారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. తర్వాత దాన్ని అడ్డుకునే ఎమినోప్టెరిన్, దాని వెనకే మెథోట్రెక్సేట్ వచ్చాయి. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ఎమినోప్టెరిన్‌ను రక్త క్యాన్సరున్న 16 మంది పిల్లలకిచ్చి, 10 మందిలో కొంతకాలం పాటు మెరుగు కనిపించిందని 1948లో ప్రకటించారు. ఆ ఏడాదే సుబ్బారావుగారు కన్నుమూశారు. మందు పట్టుకునేది ఏ మాంసకృత్తినో తేలింది 1950ల చివరలో! ముందు మందు, తర్వాత కారణం. వైద్యంలో ఇలా చాలాసార్లు జరుగుతుంది.

ఇక సోదరి ప్రశ్నకొద్దాం. కీళ్లవాతానికిచ్చే మోతాదు క్యాన్సరు మోతాదులో చాలా చిన్న వంతు. అంత చిన్న మోతాదులో ఈ మందు ముఖ్యంగా వేరే దారుల్లో వాపును తగ్గిస్తుందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. అందుకే ఫోలిక్ యాసిడ్ వేసుకున్నా కీళ్ల మీద గుణం పెద్దగా తగ్గదు. నోటిపూత, వికారం, కాలేయానికి కలిగే ఇబ్బంది మాత్రం తగ్గుతాయి. డాక్టరుగారు చెప్పింది సరైనదే.

అసలు ప్రమాదం మరొకటుంది. కీళ్లవాతానికి ఈ మాత్ర వారానికొక్కసారే. రోజూ వేసుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లున్నారు, పోయినవాళ్లూ ఉన్నారు. మెథోట్రెక్సేట్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు రెండూ చాలాసార్లు చిన్నగా, పసుపురంగులోనే ఉంటాయి. చత్వారం వచ్చిన కళ్లకు తేడా ఏం తెలుస్తుంది? రెండూ ఒకే డబ్బాలో పోయకండి. ఏ వారం వేసుకోవాలో చీటీ మీద తెలుగులో పెద్దక్షరాలతో రాసి అంటించండి. పొరపాటున ఎక్కువైతే, ఇంట్లో ఉన్న ఫోలిక్ యాసిడ్ మింగి ఊరుకోకూడదు. అది పనిచేయాలన్నా ఆ పనావిడే కావాలి, ఆవిడ చేతులేమో ఖాళీగా లేవు! ఆవిడతో పనిలేకుండా నేరుగా అందే ఫోలినిక్ యాసిడ్ అనే మరో మందు ఆసుపత్రిలో ఇస్తారు. వెంటనే వెళ్లాలి.

గర్భసంచి బయట గొట్టంలో గర్భం నిలిచినప్పుడు దాన్ని కరిగించడానికీ ఇదే మందు వాడతారంటే గర్భిణులకు ఎంత చేటో ఊహించుకోండి. పిల్లలు కావాలనుకునేవారు ముందే డాక్టరుకు చెప్పి, మందు ఆపాక ఎన్నాళ్లు ఆగాలో అడగాలి. జ్వరానికో మూత్రంలో మంటకో కో-ట్రైమోక్సజోల్ రాస్తే 'నేను మెథోట్రెక్సేట్ వాడుతున్నా'నని తప్పకుండా చెప్పండి. అందులోని ట్రైమెథోప్రిమ్ సూక్ష్మజీవుల్లో ఉండే ఇదే రకం మాంసకృత్తిని పట్టుకునే మందు. రెండూ కలిస్తే ఎముక మూలుగకు ముప్పు. రక్తపరీక్షలు డాక్టరు చెప్పిన గడువుకల్లా చేయించుకోవాల్సిందే, ఒంట్లో బాగానే ఉందని మానకూడదు.

మరి ఆకుకూరలు మానాలా అంటారా? అక్కర్లేదు, హాయిగా తినండి. ఫోలేటు నీళ్లలోకి దిగిపోతుంది కాబట్టి ఉడికించిన నీళ్లు వార్చి పారబోయకుండా పప్పులోకో చారులోకో వాడేయండి.