చేతికంటిన చదువు

పందెపు కారు అనగానే మన కళ్లముందు కోట్లాది రూపాయల వ్యయంతో, వందలాది ఇంజనీర్ల శ్రమతో రూపొందిన యంత్రం మెదులుతుంది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ తీరాన విద్యుత్తుతో నడిచే ఫార్ములా-ఈ కార్లు పరుగెత్తినప్పుడు జనం చూసింది అటువంటి యంత్రాలనే. కాని ఈ క్రీడకు మరొక ముఖం ఉంది. పగలంతా ఉద్యోగం చేసుకొని, సాయంకాలాలూ ఆదివారాలూ ఇంటి వెనుక రేకుల షెడ్డులో పాత కారును ముక్క ముక్కగా విప్పి, మళ్లీ కూర్చి, ఏడాదికి నాలుగైదు పందేలలో నడిపే ఔత్సాహికుల ముఖం అది. వారికి జీతం రాదు. గెలిస్తే ఒక కప్పు, ఓడితే మరికొన్ని నెలల పని. ఇది పనిలేనివారి కాలక్షేపమని చాలామంది భావిస్తారు. నా దృష్టిలో ఇది ఒక విద్య. మన కళాశాలల్లో పుస్తకాల నిండా ఉండి, చేతులకు మాత్రం అంటని విద్య.

ఇందుకు బ్రూస్ మెక్‌లారెన్ బాల్యం కంటె మంచి ఉదాహరణ నాకు కనబడదు. ఆయన 1937లో న్యూజీలాండ్‌లోని ఆక్లండ్‌లో జన్మించాడు. తండ్రి లెస్‌కు రెమ్యూరా అనే పేటలో పెట్రోలు బంకు, దానికి అనుబంధంగా మరమ్మతుల షెడ్డు ఉండేవి. తొమ్మిదేళ్ల వయసులో బ్రూస్‌కు తుంటి ఎముకను దెబ్బతీసే పెర్తెస్ వ్యాధి సోకింది. రెండేళ్లపాటు పిల్లల వైద్యశాలలో మంచానికే పరిమితమయ్యాడు. లేచి నడిచేనాటికి ఎడమకాలు పొట్టిదైపోయింది. జీవితాంతం కుంటుతూనే నడిచాడు. ఆ కుర్రవాడు కౌమారంలో అడుగుపెట్టే వేళ తండ్రి ఒక పాత పందెపు కారును కొన్నాడు. అది 1929 నాటి ఆస్టిన్ సెవెన్ అల్‌స్టర్. కారు అనడం కంటె కారు తాలూకు సామాను అనడం సబబు. అది భాగాలుగా విడిపోయి, పెట్టెల్లో చేరి వచ్చింది. తండ్రీ కొడుకులు దానిని మళ్లీ కారుగా నిలబెట్టారు. 1952లో, పద్నాలుగేళ్ల వయసులో, మురివై అనే సముద్రతీర గ్రామం వద్ద జరిగిన కొండదారి పందెంలో బ్రూస్ దానిని నడిపాడు.

ఆస్టిన్ సెవెన్ గురించి కొంత చెప్పుకోవాలి. ఇంగ్లాండులో హెర్బర్ట్ ఆస్టిన్ 1922లో సామాన్య కుటుంబాల కోసం తెచ్చిన చిన్న కారు అది. 1939 వరకు సుమారు 2,90,000 కార్లు తయారయ్యాయి. నాలుగు సిలిండర్ల ఇంజను పరిమాణం 747 సి.సి. మాత్రమే. అందులో పందేలకోసం చేసిన రకమే అల్‌స్టర్. ఈ కారు ఔత్సాహికుల చేతికి ఇట్టే లొంగింది. బరువు అరటన్నుకు లోపే కనుక ఇద్దరు మనుషులు ఒకవైపు ఎత్తగలరు. కొయ్యగాని రేకుగాని కొట్టి కొత్త తొడుగు తొడిగించవచ్చు. విడిభాగాలు పాత ఇనుము అంగళ్లలో దొరికేవి. లండన్‌లో కాలిన్ చాప్‌మన్ అనే ఇంజనీరింగు విద్యార్థి 1948లో తన కాబోయే అత్తవారింటి వెనుక గ్యారేజీలో ఇటువంటి పాత ఆస్టిన్ సెవెన్‌నే మార్చి తన మొదటి కారు చేశాడు. తరువాత ‘లోటస్’ అనే పేరు దాని నుండే పెరిగింది. 1939లో ఏర్పడిన ‘750 మోటార్ క్లబ్బు’ చిన్న ఆదాయాలవారు ఇటువంటి కార్లతో పోటీపడేలా ఒక పందెపు తరగతినే ఏర్పరచింది.

ఇంతకూ ఆ షెడ్డులో జరిగే పని ఏమిటి? విప్పడం, శుభ్రపరచడం, కొలవడం, సరిచేయడం, కూర్చడం అని అయిదు మాటల్లో చెప్పవచ్చు. కాని ఒక్కొక్క మాట వెనుక నెలల శ్రమ ఉంది. విప్పడం అందరికీ వచ్చిన పనే అనుకుంటాం. ఏ బోల్టు ఎక్కడిదో, ఏ వాషరు ఏవైపు తిరిగి ఉందో రాసి పెట్టుకోకుండా విప్పినవాడు తిరిగి కూర్చలేడు. తుప్పుపట్టి బిగుసుకున్న నట్టును బలంతో తిప్పితే మర తెగుతుంది. నూనె పోసి, కాస్త వేడిచేసి, మర్నాటి వరకు ఆగినవాడికి అదే వదులవుతుంది. ఓర్పు అనే మాటకు నిఘంటువులో ఉన్న అర్థం కంటె ఈ నట్టు దగ్గర దొరికే అర్థం స్పష్టమైనది.

తరువాత కొలత. సిలిండరు గుండ్రంగా అరుగుతుందని ఎవరైనా అనుకుంటారు. అలా అరగదు. కనెక్టింగ్ రాడ్డు వాలుగా నెట్టడం వల్ల పిస్టను ఒక పక్క గోడను ఎక్కువగా ఒరుసుకొంటుంది. మంటకు దగ్గరగా ఉండి, నూనె సరిగా అందని పైభాగం మరీ అరుగుతుంది. అందువల్ల సిలిండరును పైన, మధ్యన, కింద, రెండేసి దిశలలో కొలవాలి. మిల్లీమీటరులో వందో వంతు తేడాలు ఇక్కడ లెక్కకు వస్తాయి. మన మెకానిక్కులు ‘బోరింగు చేయించాలి’ అని ఒక్క మాటలో తేల్చే విషయంలో ఇంత బలవిజ్ఞానం దాగి ఉంది. బలాన్ని రెండు అంశాలుగా విడదీసే సూత్రాన్ని మొదటి సంవత్సరం భౌతికశాస్త్రంలో మన విద్యార్థులందరూ చదువుతారు. పరీక్షలో గీత గీసి మార్కులు తెచ్చుకుంటారు. ఆ గీత ఇనుమును తినివేసిన చోటును వేలితో తడిమి చూసినవారు ఎందరు?

బేరింగుల సంగతి మరీ ముచ్చటైనది. ఆ కాలపు ఇంజనులలో కనెక్టింగ్ రాడ్డు అడుగున తగరం ప్రధానంగా గల మెత్తని తెల్లలోహాన్ని కరిగించి పోసేవారు. చల్లారాక లేతుపై చెక్కించేవారు. అక్కడితో పని ముగియదు. క్రాంకు షాఫ్టుకు పలుచగా నీలిరంగు పూసి, రాడ్డును బిగించి ఒకసారి తిప్పి విప్పుతారు. తెల్లలోహంపై నీలం అంటిన చోటు ఎత్తుగా ఉన్నట్లు లెక్క. అక్కడ మాత్రమే పదునైన గోకుడు పరికరంతో సన్నని పొర తీస్తారు. మళ్లీ రంగు, మళ్లీ బిగింపు, మళ్లీ గోకడం. నీలం అంతటా సమంగా అంటేదాకా ఇదే వరుస. ఎక్కువ గీకితే మొదటికి వస్తుంది, లోహం మళ్లీ పోయాల్సిందే. కంసాలి కుంపటి దగ్గర కూర్చున్న నేర్పరికి ఈ పని పరాయిదిగా తోచదు.

ఆస్టిన్ సెవెన్‌లో మరొక గుణపాఠం ఉంది. నాలుగు సిలిండర్ల ఇంజను అయినా దాని క్రాంకు షాఫ్టుకు రెండు కొసల్లోనే ఆధారం. వేగం పెరిగేకొద్దీ నడుమ భాగం వంగుతుంది. వంగి వంగి కంటికి కనబడని పగులు పుడుతుంది. ఏదో ఒకనాడు విరుగుతుంది. వేగం కావాలని ఇంజనును ఎంతైనా తిప్పుతానన్నవాడికి ఈ కడ్డీ తన హద్దు చెబుతుంది. దాని బ్రేకులు కూడా అంతంతమాత్రమే, తీగలతో లాగేవి. వేగం రెండింతలైతే గతిజశక్తి నాలుగింతలవుతుందనీ, ఆగడానికి పట్టే దూరం కూడా దాదాపు నాలుగింతలవుతుందనీ పుస్తకంలో చదివిన వాక్యం అటువంటి కారులో మలుపు ముందర కూర్చున్నవాడికి మరో విధంగా బోధపడుతుంది.

బ్రూస్ కథ అక్కడ ఆగలేదు. ఇంజనీరింగు చదువుతూ పందేలు సాగించి, 1958లో యూరపు చేరాడు. 1959 డిసెంబరులో సెబ్రింగ్‌లో జరిగిన అమెరికా గ్రాండ్ ప్రి గెలిచేనాటికి ఆయన వయసు 22 ఏళ్లు. 1963లో సొంత సంస్థ స్థాపించాడు. 1968లో బెల్జియం గ్రాండ్ ప్రిని తన పేరుగల కారులోనే గెలిచాడు. నేటి మెక్‌లారెన్ జట్టు అదే. 1970 జూన్ 2న ఇంగ్లాండులోని గుడ్‌వుడ్‌లో కొత్త కారును పరీక్షిస్తుండగా వెనుకభాగపు తొడుగు ఊడిపోయి, కారు అదుపుతప్పి ఆయన మరణించాడు. అప్పటికి 32 ఏళ్లు. ఈ క్రీడలో బిగించిన ప్రతి మరకూ ఒక ప్రాణంతో సంబంధం ఉంటుందని ఆ మరణం గుర్తుచేస్తుంది. పందేనికి ముందు పరిశీలకులు ప్రతి కారునూ తనిఖీ చేసి, నట్టు వదులు కాకుండా కట్టిన తీగ లేకపోతే దారిమీదికి రానివ్వకపోవడం వట్టి చాదస్తం కాదు.

అదే న్యూజీలాండ్‌లో దక్షిణాన ఇన్వర్‌కార్గిల్ పట్టణంలో బర్ట్ మన్రో అనే మనిషి 1920లో కొన్న ఇండియన్ స్కౌట్ మోటారు సైకిలును దశాబ్దాలపాటు షెడ్డులో మార్చుకుంటూ వచ్చాడు. పిస్టన్లను తానే పోతపోసుకున్నాడు. 1967లో అమెరికాలోని బోన్‌విల్ ఉప్పు మైదానంలో దానిని గంటకు సుమారు 295 కిలోమీటర్ల వేగంతో నడిపి రికార్డు సాధించేనాటికి ఆయనకు 68 ఏళ్లు. ఆ దేశంలో ఇటువంటివారు పుట్టడానికి కారణం ఉంది. కర్మాగారాలున్న దేశాలు సముద్రాల ఆవల. 1938 నుండి దిగుమతులపై ఆంక్షలు. కొత్తది దొరకదు కనుక పాతదాన్నే బతికించుకోవాలి.

మన దేశంలోనూ అదే పరిస్థితి చాలాకాలం ఉండేది. మద్రాసు సమీపంలోని షోలవరంలో యుద్ధకాలపు విమానాల రన్‌వే మీద పందేలు జరిగిన రోజుల్లో, అంబాసిడర్లనూ ఫియట్లనూ సొంతంగా మార్చుకొన్నవారే పోటీదారులు. కోయంబత్తూరుకు చెందిన కరివర్ధన్ 1980ల చివర మారుతి 800 భాగాలతో ఒంటిసీటు పందెపు కార్లు నిర్మించాడు. ‘ఫార్ములా మారుతి’ అనే ఆ తరగతిలోనే తొలి అడుగులు వేసిన నారాయణ్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్‌లో ప్రవేశించిన మొట్టమొదటి భారతీయుడయ్యాడు. 1995లో విమాన ప్రమాదంలో మరణించిన కరివర్ధన్ పేరుతో కోయంబత్తూరు దగ్గర ఒక పందెపు మైదానం వెలసింది. తెలుగువారికి ఆయన పేరు అంతగా తెలియకపోవడం విచారకరం.

మన సంగతి చూద్దాం. విజయవాడ ఆటోనగర్‌లో లారీ చాసీ మీద కొలబద్ద, సుత్తి సాయంతో క్యాబిను నిలబెట్టే పనివాడి నేర్పు చిన్నది కాదు. అతని కుమారుడు బాగా చదివితే ఆ షెడ్డు ముఖం చూడకూడదని కుటుంబం కోరుకుంటుంది. ఎండలో, పొగలో, చాలీచాలని కూలికి శ్రమించిన తండ్రి అలా కోరుకోవడంలో తప్పు లేదు. తప్పంతా పానా పట్టిన చేతికి ఒక వెల, కలం పట్టిన చేతికి ఒక వెల కట్టిన సమాజానిది. ఇంజనీరింగు కళాశాలలు పెరిగాయి. విద్యార్థులు బాజా వంటి పోటీల కోసం బండ్లు నిర్మిస్తున్నారు. ఇది ఆనందించదగిన మార్పు. కాని వెల్డింగు బయట చేయించి, భాగాలన్నీ కొని తెచ్చి, మీద తమ పేర్లు రాసుకునే జట్లు కూడా ఉంటాయి. అందులో నేర్చుకున్నది బేరమాడడం మాత్రమే.

దీనికి ఆక్షేపణలు లేకపోలేదు. ఇది డబ్బున్నవారి సరదా అంటారు. కొంత నిజమే. టైర్లు, ఇంధనం, రక్షణ దుస్తులు, ప్రవేశ రుసుము అన్నీ ఖర్చులే. అయితే ఖర్చంతా నడపడంలో ఉంది. నేర్పంతా నిర్మించడంలో ఉంది. మొదటిదాన్ని వదులుకున్నా రెండవది దక్కుతుంది. వేగం కోసం ఇంధనం తగలబెట్టడం సమాజానికి ఏం మేలు అని మరికొందరు ప్రశ్నిస్తారు. మేలు స్వల్పమేనని ఒప్పుకోవాలి. ఈ క్రీడను సమాజసేవగా చిత్రించడం నాకు ఇష్టం లేదు. సంగీతం, చదరంగం చేసే మేలు ఎంతో ఇది చేసేదీ అంతే. అయితే ఒక వస్తువు పాడయితే పారవేయడం తప్ప మరో దారి తెలియని తరానికి, పారవేసినదాన్ని తిరిగి నిలబెట్టవచ్చని చూపగలగడం తక్కువ విషయం కాదు.

మూడవ ఆక్షేపణ అన్నిటికంటె గట్టిది. ఈ మాటలు యువకుల చేత రహదారులపై పందేలు వేయిస్తాయేమోనన్న భయం అది. సైలెన్సరు విప్పేసి, అర్ధరాత్రి ఊరి రోడ్లపై బండ్లు పరుగెత్తించేవారిని ఔత్సాహిక క్రీడాకారులని పిలవడానికి నేను సిద్ధంగా లేను. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 189వ సెక్షను రాష్ట్ర ప్రభుత్వపు లిఖితపూర్వక అనుమతి లేకుండా బహిరంగ స్థలాల్లో పందేలు వేయడాన్ని నేరంగా పరిగణిస్తుంది. 52వ సెక్షను ప్రకారం రిజిస్టరయిన వాహనాన్ని దాని పత్రంలోని వివరాలకు భిన్నంగా మార్చడం కూడదు. షెడ్డులో పందేనికి సిద్ధంచేసిన కారు రోడ్డెక్కదు. లారీ మీద ఎక్కి మైదానానికి పోతుంది. అక్కడ తనిఖీ, శిరస్త్రాణం, సీటు పట్టీలు, ఉక్కు పంజరం, అంబులెన్సు ఉంటాయి. తన చేత్తో బేరింగు గోకినవాడికి ఆ యంత్రం ఎక్కడ బలహీనమో తెలుసు. షోరూములో బండి కొన్న మర్నాడే దాని గరిష్ఠవేగం పరీక్షించేవాడికి అది తెలియదు.

కారే కావాలనేమీ లేదు. చాలా ఇళ్లలో తాతగారి కాలపు స్కూటరు ఒకటి దుమ్ముపట్టి మూలన పడి ఉంటుంది. ఇంటి పెద్దల అనుమతితో, వీధి చివరి మెకానిక్కును గురువుగా ఒప్పించి, దాని ఇంజనును విప్పి చూడవచ్చు. పిస్టను మీది నల్లటి మసి, రింగుల అరుగుదల, ప్లగ్గు రంగు ఒక్కొక్కటీ ఒక్కొక్క సంగతి చెబుతాయి. ప్లగ్గు కొస లేత గోధుమరంగులో ఉంటే మంట సరిగా ఉన్నట్లు, పొడిమసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువైనట్లు, తెల్లబారితే గాలి ఎక్కువై వేడెక్కుతున్నట్లు. బ్రేకు లైనింగులు, తీగలు మాత్రం పాతవి వాడరాదు. అవి కొత్తవి కొనవలసిందే.