డోనర్ దొరకట్లేదా, దొరకనివ్వట్లేదా?

"సేమ్ మోడల్ హార్డ్ డిస్క్ ఒకటి తెచ్చుకోండి భాయ్, పార్టులు మార్చేద్దాం." ఉప్పల్ రింగ్ రోడ్ నుంచి నాచారం దాకా ఏ కంప్యూటర్ దుకాన్‌లో అడిగినా ఇదే జవాబ్. స్కూటర్‌కి క్లచ్ వైరు మార్చినంత ఆసాన్‌గా చెప్తారు. ఈ ఒక్క మాట నమ్మి మన గల్లీల్లో పిల్లల ఫోటోలు, దుకాన్ హిసాబ్‌లు, దునియా వదిలి వెళ్లినవాళ్ల ఆవాజ్‌లు పోగొట్టుకున్నవాళ్లు ఎందరో. పోయాక అందరూ అనేది ఒకటే, కిస్మత్ అని. నేను ఒప్పుకోను. ఇందులో కిస్మత్ వాటా చాలా తక్కువ. మనుషులు కూర్చుని, సోచ్ సమఝ్ కే చేసిన పని ఎక్కువ.

నా గుస్సా ఆ దుకాన్‌దార్ మీద కాదని ముందే చెప్తున్నా. అతనికి ఎవరూ నేర్పలేదు. నేర్పగలిగినవాళ్లు తాళం వేసి చాబీ జేబులో పెట్టుకున్నారు.

అసల్ మస్లా ఏంటో చూడండి. హార్డ్ డిస్క్ లోపల అద్దంలాంటి గుండ్రటి ప్లేట్లు నిమిషానికి 5,400 లేదా 7,200 చుట్లు తిరుగుతుంటాయి. వాటి మీద హెడ్ అనే చిన్న ముక్క, తాకకుండా, కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతుంటుంది. మన తల వెంట్రుక మందం దాదాపు 80,000 నానోమీటర్లు. అగర్‌బత్తీ పొగలోని రేణువు కూడా ఆ సందులో పట్టదు. హెడ్ పాడైతే 'టక్ టక్' అని చప్పుడు మొదలవుతుంది. ప్లేట్ల మీద మీ మాల్ అంతా సలామత్‌గానే ఉండొచ్చు, చదివే కన్ను పోయింది, అంతే. అప్పుడు అలాంటిదే ఇంకో డిస్క్ విప్పి, దాని హెడ్‌లు తీసి ఇందులో పెట్టాలి. ఆ ఇంకో డిస్క్‌నే ఈ కారోబార్‌లో డోనర్ అంటారు.

మాట బాగా కుదిరింది. రక్తం ఇవ్వడానికి మనిషైతే చాలదు, గ్రూపు కలవాలి. కిడ్నీకి ఇంకా ఎన్నో కలవాలి. డిస్క్‌కీ అంతే. మోడల్ నంబర్ ఒకటే ఉన్న రెండు డిస్క్‌లు విప్పితే ఒకదాంట్లో రెండు ప్లేట్లు, ఇంకోదాంట్లో ఒకటే ఉండొచ్చు. హెడ్‌ల సంఖ్య వేరు కావొచ్చు, హెడ్ పక్కనే ఉండే బుల్లి ప్రీయాంప్ చిప్ వేరే కంపెనీది కావొచ్చు. మోడల్ నంబర్ అనేది బేచ్‌నే వాలా కోసం పెట్టిన పేరు. లోపల ఏముందో చెప్పేది లేబుల్ మీద మూలన ఉండే చిన్న కోడ్. వెస్టర్న్ డిజిటల్ దాన్ని డీసీఎం అంటుంది, హిటాచీ ఎంఎల్‌సీ అనేది, తోషిబా హెచ్‌డీడీ కోడ్ అంటుంది. సీగేట్ లేబుల్ మీద ఏ ఫ్యాక్టరీదో రెండక్షరాల్లో ఉంటుంది: టీకే అంటే థాయిలాండ్ కోరాట్, డబ్ల్యూయూ అంటే చైనాలోని వూషీ. ఇక వాళ్ల పాత లేబుళ్ల మీద తేదీ చూస్తే నవ్వొస్తుంది. వాళ్ల సాల్ జూలైలో షురూ అవుతుంది. కోడ్ 09తో మొదలైతే అది 2008 జూలైలో తయారైనది కూడా కావొచ్చు. హిజ్రీ సన్ తెలుసు, ఈస్వీ సన్ తెలుసు, ఈ సీగేట్ సన్ ఒకటి కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది.

ఈ కోడ్‌లలో ఏ అక్షరానికి ఏ మతలబ్ అన్నది కంపెనీలు కొనేవాడికి చెప్పవు. రిపేర్ చేసేవాళ్లు వందల డిస్క్‌లు విప్పి, పక్కపక్కన పెట్టి పోల్చుకుని, కొంత పసిగట్టారు.

కింద ఉండే పచ్చ బోర్డు సంగతీ ఇదే. పాత జమానాలో బోర్డు తీసి బోర్డు పెడితే నడిచేది. ఇప్పుడు ప్రతి డిస్క్‌నీ ఫ్యాక్టరీలో విడిగా పరీక్షించి, దాని హెడ్‌లకి సరిపోయే లెక్కలు దాని బోర్డు మీదే రాసి పంపుతారు. ఎనిమిది కాళ్ల చిన్న చిప్‌లో ఉంటాయి అవి. కొన్ని బోర్డుల్లో ఆ చిప్ విడిగా ఉండదు, పెద్ద చిప్ కడుపులోనే ఉంటుంది. అంటే డోనర్ బోర్డు తెచ్చినా పాత బోర్డు మీది చిప్‌ని ఊడదీసి దీనికి అంటించాలి, లేదా అందులోది చదివి దీంట్లో రాయాలి. మొబైల్ రిపేర్ చేసే కుర్రాడు హాట్ ఎయిర్‌తో పది నిమిషాల్లో చేసే పని. ఎవరైనా చెప్పాలి కదా! కంపెనీ ఒక పేజీ రాసి పెడితే వేల డిస్క్‌లు బతికేవి.

నాచారంలో మా వెనక గల్లీలో ఒక ఆపా ఉంటారు. ఆమె షోహర్ పెళ్లి వీడియోలు తీసేవారు. 2021లో కరోనా రెండో లహర్‌లో ఇంతెఖాల్ అయ్యారు. ఆయన వదిలి వెళ్లిన డిస్క్‌లో గిరాకీల పెళ్లిళ్లతో పాటు బిడ్డ బిస్మిల్లా రస్మ్ వీడియో కూడా ఉంది. అందులో ఆయన ముఖం కనబడదు, కెమెరా వెనక ఉన్నారు కదా. "బేటా, ఇధర్ దేఖో" అనే ఆవాజ్ ఒక్కటే. ఆ ఇంట్లో ఆయన గొంతు మిగిలింది అక్కడే. పోయిన ఏడు రమ్జాన్‌లో డిస్క్ టక్ టక్ అంది. ఏ కంపెనీదో రాయను, ఎవరిదైనా కథ ఇదే.

మొదటి దుకాన్‌లో బోర్డు పోయిందని అందాజాగా చెప్పి వేరే బోర్డు బిగించారు. నడవలేదు. ఆపా నన్ను పిలిస్తే వెళ్లి అడిగాను, "అన్నా, పాత బోర్డు ఏది?" "అదా భాయ్, చెత్త డబ్బాలో ఉంటది చూడు." ఇద్దరం కలిసి డబ్బా బోర్లించి వెతికాం. చాయ్ కప్పుల కింద దొరికింది. అది మున్సిపాలిటీ బండి ఎక్కి ఉంటే కథ అక్కడే ఖతం. ఆ అన్న మంచోడే, పైసలు కూడా వాపస్ ఇచ్చాడు. చెడ్డవాళ్ల చేతిలో కాదు, తెలియనివాళ్ల చేతిలో ఖూనీ జరిగేలా ఉంది ఈ ఇంతెజామ్.

తర్వాత ఆపా తమ్ముడు ఆన్‌లైన్‌లో 4,200 పెట్టి సేమ్ మోడల్ తెప్పించాడు. లోపల ఒక ప్లేటు తక్కువ. ఇక షహర్‌లోని ఒక రికవరీ ల్యాబ్‌కి పోతే, ధూళి లేని గదిలో విప్పి చేస్తాం, 28,000 అవుతుంది, డోనర్ ఖర్చు అలగ్, అది దొరికేదాకా సబర్ చేయండి అన్నారు. ఎనిమిది నెలలు సబర్ చేశారు ఆపా. ల్యాబ్ అబద్ధం చెప్పలేదు. డోనర్ హెడ్‌లు కూడా ఎక్కువసేపు బతకవు, ఒక్కోసారి ఒక డిస్క్ కోసం రెండు మూడు డోనర్లు బలి అవుతాయి. ప్లేటు గీసుకుపోయి ఉంటే ఎన్ని డోనర్లు తెచ్చినా ఫాయిదా లేదు.

నేను వెతుకుదామని బయల్దేరాను. ఉప్పల్‌లో మెట్రో ఎక్కి పారడైజ్‌లో దిగి, పార్క్‌లేన్ సీటీసీలో అంతస్తు అంతస్తూ తిరిగాను. ఆదివారం ఎర్రగడ్డ సండే బజార్ చూశాను. ఆఖరికి జవాబ్ దొరికింది మన ఇండస్ట్రియల్ ఏరియాలోనే, ఒక కబాడీ గోదాంలో. మూలన హార్డ్ డిస్క్‌ల గుట్ట, మోకాలి ఎత్తు. ప్రతిదానికీ నడిమధ్యలో డ్రిల్ రంధ్రం.

"ఇదేంది చిచ్చా?"

"ఆఫీసులోళ్లవి బేటా. వాళ్ల ఆద్మీ వచ్చి నిలబడతడు, డ్రిల్ కొట్టిస్తడు, వీడియో తీస్కుంటడు, పోతడు. మాకు అల్యూమినియం కిలో లెక్క."

ఒక్కొక్కటే తిప్పి లేబుల్ చూశాను. గంటన్నర తర్వాత దొరికింది. మోడల్ కలిసింది, కోడ్‌లో ప్రతి అక్షరం కలిసింది, దేశం కలిసింది, తేదీ మూడు వారాల తేడా. నడిమధ్యలో సుపారీ అంత రంధ్రం. డ్రిల్ ప్లేట్లను చీల్చుకుని హెడ్ చేతిని కూడా వంచేసింది.

ఇప్పుడు చెప్పండి, ఇది కిస్మతా? ఆ డిస్క్ డ్రిల్ కింద పెట్టే నిమిషం వరకూ నడిచే డిస్క్. ఆఫీసు కంప్యూటర్లు మార్చారు, అందుకు ఖతం చేశారు. డేటా బయటికి పోకూడదు అంటారు. ఒప్పుకుంటా, అమానత్ అది, కాపాడాల్సిందే. మగర్ దానికి డ్రిల్ ఎందుకు? నడిచే మామూలు హార్డ్ డిస్క్ మీద మొదటి నుంచి చివరిదాకా ఒకసారి సున్నాలు రాస్తే పాతది తిరిగి రాదు. డిస్క్‌లోనే సెక్యూర్ ఎరేజ్ అనే హుకుం కూడా ఉంటుంది. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్ 2014లో ఇచ్చిన హిదాయత్‌లలో తుడవడం వేరు, ధ్వంసం చేయడం వేరు అని తరీఖాలు విడివిడిగా రాసింది. నడవని డిస్క్‌ని తుడవలేం కాబట్టి పగలగొట్టండి, ఠీక్ హై. దేశ రక్షణ రహస్యాలుంటే పగలగొట్టండి. జీతాల పట్టికలు, కాల్ సెంటర్ రికార్డులు ఉన్న నడిచే డిస్క్‌కి డ్రిల్ ఎందుకు? ఒక టెరాబైట్ తుడవడానికి రెండు మూడు గంటలు పడుతుంది, డ్రిల్‌కి పది సెకన్లు. ఇంతే తేడా. దీనికి సెక్యూరిటీ పాలసీ అని పేరు, బద్ధకం అని తర్జుమా.

మన కానూన్ కూడా అటే తోస్తోంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ రూల్స్ కింద రీసైక్లర్‌కి లెక్క వచ్చేది బంగారం, రాగి, ఇనుము, అల్యూమినియం తూకం మీద. మరమ్మతు చేసి మళ్లీ వాడేలా చేసేవాళ్లకూ ఆ రూల్స్‌లో జగా ఉంది, ఇన్సాఫ్‌గా చెప్పాలి. మగర్ ఒక డిస్క్ నుంచి తీసిన హెడ్‌లు ఇంకో ఇంట్లో ఒక తండ్రి గొంతు తిరిగి తెస్తే, ఆ తూకం ఏ రిజిస్టర్‌లో ఎక్కుతుంది? మనిషి అవయవాలకి నిమ్స్‌లో జీవన్‌దాన్ ఉంది, పేర్లు రాసుకుంటారు, జోడీ చూస్తారు. డిస్క్‌లకి కబాడీ చిచ్చా తరాజు ఒక్కటే ఉంది.

ఇక తయారు చేసే మహానుభావులు. 2011 డిసెంబర్‌లో సీగేట్ శాంసంగ్ వాళ్ల డిస్క్ కారోబార్ కొంది, 2012 మార్చిలో వెస్టర్న్ డిజిటల్ హిటాచీది కొంది. తోషిబాతో కలిపి దునియాలో మిగిలింది ముగ్గురే. ముగ్గురిలో ఎవరూ మీకు నాకూ హెడ్‌లు అమ్మరు, బోర్డు అమ్మరు, సర్వీస్ కితాబ్ ఇవ్వరు. వారంటీలో ఖాళీ డిస్క్ బదులిస్తారు, మీ డేటా జిమ్మేదారీ వాళ్లది కాదు. సీగేట్‌కైతే సొంత రికవరీ సర్వీస్ కూడా ఉంది. అంటే పార్టులు ఉన్నాయి, ఇల్మ్ ఉంది, మార్చడం సాధ్యమే. మన వీధి కారీగర్‌కి మాత్రం మనా. ఈ రోజు ల్యాబ్‌లు వాడే పీసీ-3000 అనే మిషన్ ఏస్ ల్యాబ్ తయారు చేస్తుంది, ధర లక్షల్లో. ఉప్పల్ కుర్రాడు ఎక్కడ కొంటాడు?

వాళ్ల వకాలత్ చేసేవాళ్లు నాతో అంటారు, "భాయ్, హెడ్ మార్చడం బయట చేసే పని కాదు, వీధి దుకాన్‌లో విప్పితే ఉన్నది కూడా పోతుంది." నిజమే. మూత విప్పే పని ధూళి లేని చోటే చేయాలి, నేనూ అదే చెప్తా. మగర్ నేను అడుగుతున్నది ఏ రెండు డిస్క్‌లు కలుస్తాయో చెప్పే ఫెహ్‌రిస్త్. దానికి ఏ గది కావాలి? ఆ ఫెహ్‌రిస్త్ లేకే ఆపా తమ్ముడి 4,200 మట్టిలో కలిశాయి, ల్యాబ్ ఎనిమిది నెలలు వెతికింది.

ఇంకొందరు నసీహత్ ఇస్తారు, బ్యాకప్ పెట్టుకోవాల్సింది అని. బిల్కుల్ సహీ. ఆ మాట ఆపా ముందు నిలబడి ఒకసారి అనండి, చూస్తా.

2022 జూలైలో కేంద్రం మరమ్మతు హఖ్ మీద కమిటీ వేసింది. వ్యవసాయ పనిముట్లు, మొబైళ్లు-టాబ్లెట్లు, ఇంటి సామాన్లు, బండ్లు అని నాలుగు రంగాలు ఎంచుకుంది. ట్రాక్టర్ ఆగితే పొలం ఆగుతుంది, మంచిదే. డిస్క్ ఆగితే ఏం ఆగుతుందో ఢిల్లీలో ఎవరికీ తట్టినట్టు లేదు. ఈ దేశంలో అమ్మే ప్రతి డిస్క్‌కీ లేబుల్ కోడ్ మతలబ్ రాసి ఇవ్వమని, బోర్డు చిప్ మార్చే తరీఖా బయటపెట్టమని, కంపెనీల మెడ మీద కత్తి పెట్టి అడగగలిగేది సర్కారే. రామంతాపూర్‌లో కేంద్ర ఫోరెన్సిక్ ల్యాబ్ ఉంది, నేరాల కేసుల్లో కంప్యూటర్లు పరీక్షిస్తారు. ముద్దాయి డిస్క్ టక్ టక్ అంటే వాళ్లకూ డోనరే కావాలి. ఆ ఫెహ్‌రిస్త్ సర్కార్‌కీ పనికొస్తుంది.

అది ఎప్పుడొస్తుందో అల్లాహ్‌కి తెలుసు. అందాకా ఉప్పల్, నాచారం, హబ్సిగూడ ఆఫీసుల్లో కంప్యూటర్లు చూసే తమ్ముళ్లకి ఒక గుజారిష్. పాత డిస్క్‌ల లిస్టు మీ చేతికి వచ్చినప్పుడు, నడిచేవాటిని రాత్రి తుడవడానికి పెట్టి ఇంటికి పోండి, పొద్దున సర్టిఫికెట్ ప్రింట్ తీసి సాహెబ్‌కి ఇవ్వండి. డ్రిల్ వాడిని మాత్రం పిలవకండి. ఒక్కో డిస్క్‌కి రెండు ఫోటోలు తీయండి: లేబుల్ వైపు ఒకటి, మోడల్, కోడ్, తేదీ, దేశం అన్నీ అందులో వస్తాయి. తిప్పి బోర్డు మీద నంబర్‌ది ఇంకొకటి. ఆ ఫోటోలు సెకండ్‌హ్యాండ్ దుకాన్‌కో, రికవరీ ల్యాబ్‌కో పంపి, డిస్క్‌లు ధరకే అమ్మండి, ముఫ్త్‌గా వద్దు. ఆపా డిస్క్ ఇంకా ల్యాబ్ అల్మారాలోనే ఉంది, పాత బోర్డు ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి దానికి అంటించి ఉంది.