కిలోమీటరు ఖర్చు తెలియని బాడుగ

ఒకే ఒక లారీ కొనుక్కొని, దానిని తానే నడుపుకొంటున్న ఒక సోదరుడు కృష్ణా జిల్లా నుండి ఇలా అడిగారు: “ట్రాన్స్‌పోర్టు ఆఫీసువారు చెప్పిన బాడుగ కంటే ఎక్కువ అడిగితే అది దురాశ అవుతుందా? నేను కాదంటే ఆ లోడు మరో బండికి పోతుంది. లారీ బాడుగలో లాభం ఇంతే ఉండాలని షరీఅత్‌లో హద్దు ఉందా?”

షరీఅత్ లాభానికి ఇంత శాతమని హద్దు గీయలేదు. పని, ప్రతిఫలం రెండూ ముందే స్పష్టంగా తెలిసి ఉండాలి, ఉభయులూ మనస్ఫూర్తిగా అంగీకరించాలి, మోసం ఉండరాదు. ఇజారహ్ ఒప్పందానికి ఇవే మూలస్తంభాలు. మద్‌యన్‌లో హజ్రత్ మూసా (అ) కొలువు కుదిరినప్పుడు ఎనిమిదేళ్లు తప్పనిసరి అనీ, పదేళ్లు పూర్తిచేయటం ఆయన ఇష్టమనీ ముందుగానే నిర్ణయమైన వృత్తాంతం సూరహ్ ఖసస్‌లో ఉంది. కనుక న్యాయమైన బాడుగ అడగటం దురాశ కాదు. అయితే న్యాయమైనది ఎంతో తెలియాలంటే, మీ బండి ఒక కిలోమీటరు నడవటానికి ఎంత ఖర్చవుతుందో ముందు తెలియాలి.

ఋణం లేకుండా కొన్న ఒక పది టైర్ల లారీని ఉదాహరణగా తీసుకొందాం. ఈ అంకెలు లెక్క చూపటానికి వేసుకొన్నవి మాత్రమే; వీటి స్థానంలో మీ అంకెలు వేసుకోండి. బండి నెలకు 6,000 కిలోమీటర్లు తిరుగుతుంది. అందులో 4,000 లోడుతో, 2,000 ఖాళీగా.

బండి కదిలినా, నిలిచినా తప్పని ఖర్చులు నెలకు ఇవి: బీమా, పన్ను, పర్మిట్, ఫిట్‌నెస్ కలిపి 9,000, దారిలో భోజనం, పార్కింగు 3,000, బండి అరిగిపోయేనాటికి మరొకటి కొనటానికి పక్కన పెట్టవలసినది 24,000, డ్రైవరు జీతం 24,000. మొత్తం 60,000 రూపాయలు. అంటే కిలోమీటరుకు 10 రూపాయలు.

తిరిగినకొద్దీ అయ్యే ఖర్చులు ఇవి: లీటరు డీజిల్ 96 రూపాయలై, బండి లీటరుకు 4 కిలోమీటర్లు ఇస్తే కిలోమీటరుకు 24, టోల్ 5, రెండు లక్షల రూపాయల టైర్లు 80,000 కిలోమీటర్లు వస్తే 2.50, ఆయిలు, గ్రీజు, మరమ్మతులు 2.50. మొత్తం 34 రూపాయలు. రెండూ కలిపి కిలోమీటరుకు 44.

ఈ 44తోనే లెక్క ముగిసిందనుకోరాదు. ఖాళీగా తిరిగిన కిలోమీటర్లకు ఎవరూ బాడుగ ఇవ్వరు. నెల ఖర్చు 2,64,000 రూపాయలు లోడుతో తిరిగిన 4,000 కిలోమీటర్ల నుండే రావాలి. అప్పుడు లోడు కిలోమీటరుకు 66 రూపాయలవుతుంది. ఇది కూడా లాభం కాదు, అసలు ఖర్చు మాత్రమే.

విజయవాడ నుండి చెన్నైకి సుమారు 450 కిలోమీటర్లు. ఈ లెక్కన బాడుగ 29,700 రూపాయలు రావాలి. 18 టన్నుల లోడుకు టన్నుకు 1,650. ఆఫీసువారు టన్నుకు 1,300 ఇస్తామన్నారనుకొందాం. చేతికి 23,400 వస్తుంది. డీజిల్, టోల్ మాత్రమే తీసివేసి చూసేవానికి 10,350 రూపాయలు మిగిలినట్లు కనిపిస్తుంది. నిజానికి అతడు 6,300 నష్టపోయాడు. ఆ నష్టం ఆ రోజు తెలియదు. టైర్లు మార్చవలసిన నాడు, బీమా కట్టవలసిన నాడు తెలుస్తుంది.

పాపానికి ద్వారం ఇక్కడే తెరుచుకొంటుంది. లోటు పూడ్చుకోవటానికి మరో 5 టన్నులు ఎక్కిస్తే 29,900 వస్తుంది, లెక్క సరిపోయినట్లే ఉంటుంది. కానీ 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అధిక లోడుకు జరిమానా 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000. అయిదు టన్నులకు 30,000 అవుతుంది. అంటే మొత్తం బాడుగకు మించిన జరిమానా! మన మద్రసాలలో బోధించే ‘హిదాయహ్’ గ్రంథం ఇజారహ్ అధ్యాయంలో ఒక మస్అలా ఉంది: జంతువును బాడుగకు తీసుకొని, ఒప్పుకొన్నదానికంటే ఎక్కువ బరువు మోపగా అది చనిపోతే ఆ అదనపు బరువు మేరకు పరిహారం ఇవ్వాలి, అది మోయలేనంత బరువు మోపితే పూర్తి విలువ ఇవ్వాలి. మూగజీవి విషయంలోనే ఇంత బాధ్యత ఉన్నప్పుడు, బ్రేకులు పట్టని లారీకి ఎదురుగా వచ్చే మనుషుల ప్రాణాల విషయంలో ఎంత బాధ్యత ఉండాలో ఆలోచించండి.

రెండవ ద్వారం నిద్ర మానుకోవటం. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం జీతానికి పనిచేసే డ్రైవరుకు రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు హద్దుగా పెట్టి ఉండేది. తనకు తానే యజమాని అయినవానిని ఆపేవారు లేరు. శరీరానికి, కళ్లకు, భార్యకు మనపై హక్కు ఉన్నదని దైవప్రవక్త (స) బోధించారు. ఆ హక్కులను అమ్ముకొని సంపాదించినదానిని లాభమని ఎలా పిలుస్తాం?

మరి మార్కెట్టులో 66 రాకపోతే ఏం చేయాలి? ఖాళీ తిరుగుడు తగ్గించటమే ధర్మమైన మార్గం. తిరుగు లోడు ఖాయం చేసుకొన్న తరువాతే బయలుదేరండి. లోడు కిలోమీటర్లు 4,000 నుండి 5,000కు పెరిగితే ఖర్చు 66 నుండి 52.80కి దిగుతుంది. అప్పుడు చెన్నై బాడుగ 23,760 చాలు. ఆఫీసువారు ఇస్తామన్న దానికి 360 రూపాయలే తేడా. ఆ 360ని, దానిపైన కొద్దిపాటి లాభాన్ని కాగితం చూపి అడగండి. ఒప్పుకోకపోతే మర్యాదగా వదులుకోండి. నష్టపు లోడును వదులుకోవటం ఉపాధిని పోగొట్టుకోవటం కాదు. రిజ్ఖ్ ప్రసాదించేవాడు అల్లాహ్.

డ్రైవరు జీతాన్ని ఖర్చులో చేర్చటం చాలామందికి వింతగా తోస్తుంది. బండి బాడుగ వేరు, మనిషి శ్రమకు ప్రతిఫలం వేరు. అన్నదమ్ములిద్దరు కలిసి కొన్న లారీని ఒకరే నడుపుతున్నప్పుడు ఈ తేడా వ్రాసుకోకపోవటం వలననే ఇళ్లలో కలతలు పుడతాయి. అతని శ్రమకు ఏమి ఇవ్వాలో, లాభం ఎలా పంచుకోవాలో ఆలిములను సంప్రదించి మొదటి రోజే వ్రాసుకోండి. ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్, సూరహ్ బఖరహ్ 282, అప్పులను వ్రాసి ఉంచుకోవటం గురించే అవతరించింది.

జకాత్ విషయం కూడా ఇక్కడే తెలుసుకోండి. సంపాదన సాధనమైన లారీ విలువపై జకాత్ లేదు. కానీ కొత్త బండి కోసం దాచిన నగదుతో సహా మీ పొదుపు నిసాబ్‌కు చేరి, ఒక చాంద్రమాన సంవత్సరం గడిస్తే రెండున్నర శాతం చెల్లించాలి.

సంపద ఎక్కడి నుండి వచ్చింది, ఎక్కడ ఖర్చయింది అని ప్రళయదినాన ప్రశ్నించకుండా మనిషి పాదాలు కదలవని హదీసు తెలుపుతున్నది. లారీ సీటు పక్కన ఒక నోటు పుస్తకం ఉంచుకోండి. ప్రతి రాత్రి మీటరు అంకె, డీజిల్, టోల్, బాడుగ వ్రాయండి. ఆ ప్రశ్నకు జవాబు ఇక్కడే సిద్ధమవుతుంది. అల్లాహ్ మీ ప్రయాణాలలో క్షేమాన్ని, మీ సంపాదనలో బర్కత్‌ను ప్రసాదించుగాక. ఆమీన్.