కిర్రుమంటే వినరేం?

మొన్న వైశాఖంలో మిట్టమధ్యాహ్నం పూట, ఎమ్మిగనూరులో మా వదిన ఒక తలుపును భుజం మీద మోస్తూ ఇరవై నిమిషాలు నిలబడింది. ఏదో అలంకారానికి అంటున్నాననుకునేరు. నిజంగానే మోసింది. పైబందు ఊడిపోయి, కింది బందు ఒక్కదాని మీద వేలాడుతూ ఆ తలుపు లోపలికి వాలుతోంది. వాలుతున్న వైపున పడకకుర్చీలో మా అమ్మ కునుకు తీస్తోంది. అమ్మకు ఎనభై దాటాయి. తలుపు నిండా గాజు పలకలు. వదిన భుజం తీసేస్తే ఏమయ్యేదో మీరే ఊహించుకోండి. ఎదురింట్లో మగ్గం ఆడుతోంది, ఆ చప్పుడులో కేక వినబడేసరికి అంతసేపు పట్టింది.

ఆ సాయంత్రం నాకు ఫోను చేసినవాడు మా అన్నయ్య. "తలుపు పడిపోయిందే! కొత్త తలుపు, రెండేళ్ళు కూడా కాలేదు. మీ వదిన ఎలా వేసిందో ఏమో!" అన్నాడు. ఆ చివరి మాట విన్నాకే ఈ వ్యాసం రాయాలనిపించింది.

అసలీ తలుపు కథ ముందు చెప్పాలి. అన్నయ్య ఇల్లు కట్టినప్పుడు, బెంగుళూరులో ఉద్యోగం చేసే మా మేనల్లుడు వరండాకు మూడు వైపులా గాజు బిగించాలని పట్టుబట్టాడు. లోపల పూలకుండీలు, పేము కుర్చీలు, కాఫీ కప్పులు అన్నమాట. లాల్‌బాగ్‌లో గాజు మేడ చూశాడు కదా! 1889లో పునాదిరాయి వేసిన ఆ మేడకు లండన్‌లో 1851లో కట్టిన క్రిస్టల్ ప్యాలెస్ ఒరవడి. ఎండ మొహం వాచిన చలిదేశాల వాళ్ళు నారింజ చెట్లు చలికి చావకుండా గాజు గదుల్లో పెట్టి కాపాడుకున్నారు. బాగానే ఉంది. కానీ ఎండాకాలం వస్తే 40 డిగ్రీలు అలవోకగా దాటే ఎమ్మిగనూరులో, ఎండను గదిలోకి పిలిచి తలుపేసుకోవడం ఏమిటి తల్లీ! మొదటి వేసవికే కుండీల్లో మొక్కలు మాడిపోయాయి. ఇప్పుడక్కడ వడియాలు బ్రహ్మాండంగా ఎండుతాయి. చలికాలం ఎండ, మిగతా రోజుల్లో కిటికీ గాలి బాగుంటాయని అమ్మ కుర్చీ కూడా అక్కడే వేశారు.

గాజు గది తప్పొప్పులు అటుంచండి. కట్టుకున్నాక కట్టుకున్నట్టే. నా గొడవ తలుపుతో, అంతకన్నా దాని బందులతో. టేకు చట్రం, నిలువెత్తు గాజు, ఇద్దరు మోయాల్సిన బరువు. దాన్ని పట్టుకుని ఉన్నవి మాత్రం రెండే రెండు మడతబందులు. అన్నయ్య వీధి వాకిలికి గజలక్ష్మిని చెక్కించడానికి పెట్టిన ఖర్చు చెబితే మీరు నమ్మరు. (మా వైపు తలుపునే వాకిలి అంటాం, "వాకిలెయ్" అంటే తలుపు వెయ్యమని.) ఆ గజలక్ష్మిని మోసే బందుల దగ్గరికొచ్చేసరికి మాత్రం "ఏవో ఒకటి బిగించు" అన్నారు. గృహప్రవేశానికి వచ్చిన ప్రతివాళ్ళూ చెక్కడాన్ని మెచ్చుకున్నారు. వంగి బందును చూసినవాళ్ళు ఒక్కరు లేరు. నేనూ చూడలేదు, ఏ మాటకామాటే చెప్పుకోవాలి.

తలుపు పాపం చెప్పకుండా పడలేదు. దసరా నాటినుంచి కిర్రుమంటూనే ఉంది. సంక్రాంతికి కింది మూల గచ్చును గీరడం మొదలెట్టింది. శివరాత్రికి నల్లటి బండ మీద అర్ధచంద్రంలా తెల్లటి గీత పడింది. గడియ దాని కన్నంలో పడకపోతే, తలుపును కాస్త పైకెత్తి వేయడం వదిన అలవాటు చేసుకుంది. ఇలా పైకెత్తి వేసే తలుపు ఒకటి మీ ఇంట్లోనూ ఉందా లేదా? చేయి గుండెల మీద వేసుకుని చెప్పండి.

వదిన మూడుసార్లు చెప్పింది. మొదటిసారి జవాబు: "తలుపన్నాక చప్పుడు కాకుండా ఉంటుందా?" రెండోసారి: "కాస్త కొబ్బరినూనె పొయ్యి." మూడోసారి: "నువ్వు దబాల్న వేస్తావు, అందుకే." ఈ మూడు జవాబులూ ఒక్క మా అన్నయ్య సొత్తు కాదు. ఆదోనిలో మావారు వంటింటి తలుపు గురించి ఇవే అన్నారు, ఇదే వరసలో అన్నారు. వీళ్ళందరికీ ఈ పాఠం ఎక్కడ నేర్పుతారో!

రోజుకు నలభైసార్లు ఆ తలుపు తీసి వేసే మనిషి చేతికి తెలిసినంతగా, ఉదయం ఓసారి, రాత్రి ఓసారి దాటే మనిషికి దాని బాధ తెలియదు. అది ప్రకృతి. కానీ తెలిసినవాళ్ళు చెప్పినప్పుడు వినకపోవడం ప్రకృతి కాదు, పొగరు. ఇంటాయనకు కారు ఇంజను కొత్తగా ఒక్క మూలుగు మూలిగితే ఆ పూటే మెకానిక్కు దగ్గరికి పరుగు. వంటింటి తలుపు ఆరునెలలు ఏడ్చినా అది "ఆడవాళ్ళ సణుగుడు" పద్దు కింద జమ.

పడ్డ మర్నాడు తలుపులమ్మిన అంగడి కుర్రవాడొచ్చాడు. చేతిలో ఫోను తప్ప ఒక స్క్రూడ్రైవరు కూడా లేదు. నాలుగు ఫొటోలు తీసుకుని, "హింజెస్ విడిగా రావు సార్. కంప్లీట్ సెట్ మార్చాల. 26 వేలవుతుంది" అన్నాడు. అన్నయ్య తలూపాడు! ఆరునెలలపాటు రెండు మరమేకులకు మనసొప్పని మనిషి 26 వేలకు క్షణంలో ఒప్పుకున్నాడు. మరమ్మతంటే నామోషీ, కొత్తదంటే హోదా. మన కాలానికి పట్టిన తెగులిదే. బాగు చేయించిన తలుపును పదిమందికి చూపించి మురిసినవాణ్ణి ఎక్కడైనా చూశారా?

నేను ఊరుకోలేదు. మా ఆదోని ఆచారిని బస్సెక్కించుకుని వెళ్ళాను. డెబ్భై ఏళ్ళ మనిషి. పత్తి జిన్నింగు మిల్లులు హోరుమన్న రోజుల్లో ఆ షెడ్ల తలుపులకు పనిచేసిన చేయి. ఆయన తలుపును ముట్టుకోకముందే చట్రం దగ్గర గొంతుక్కూర్చుని ఊడిన కన్నాల్లో పుల్ల పెట్టి లోతు చూశాడు. తర్వాత కిందపడ్డ మరమేకును అరచేతిలో దొర్లించి నవ్వాడు.

"చూడమ్మా, నాలుగు కన్నాలుంటే రెండు మేకులే ఏసినారు. అవీ అంగుళం లేవు. పైగా సుత్తెతో కొట్టినారు. మరమేకు తిప్పితే పట్టుకుంటాది, కొడితే అలుగుతాది."

తలుపు శాస్త్రమంతా ఆయన నోటి నుంచి పది నిమిషాల్లో విన్నాను. తలుపు బరువు రెండు బందుల మీదా సమానంగా పడుతుందని ఇన్నాళ్ళూ అనుకున్నాను. కాదట. పైబందును బరువు బయటికి లాగుతుంది, కింది బందును లోపలికి తోస్తుంది. అందుకే ఎప్పుడూ ముందుగా ఊడేది పైదే. సుత్తితో కొట్టిన మేకు కొయ్యనారను చీల్చుకుని పోతుంది, దాని మరకు పట్టు దొరకదు. ఎండకు కొయ్య ఆరి, వానకు ఉబ్బి, మళ్ళీ ఆరితే ఆ కన్నం ఇంకాస్త వదులు. వానాకాలంలో తలుపు పట్టేసిందని తొందరపడి చిత్రిక పట్టిస్తే, ఎండాకాలానికి వేలు దూరే సందు తయారు. ముందు బందు చూడాలి, చిత్రిక ఆఖరు.

ఆయన చేసిన వైద్యం ఇది. వదులైన కన్నాల్లో టేకు పుల్లలు సన్నగా చెక్కి, జిగురులో ముంచి దిగ్గొట్టాడు. ఒక రాత్రి ఆరనిచ్చాడు. మర్నాడు సన్నగా బెజ్జం తొలిచి, రెండంగుళాల మరమేకులు నాలుగుకు నాలుగూ తిప్పి బిగించాడు. పైబందుకు జానెడు కిందగా మూడో బందు పెట్టాడు. "ఇంత బరువుకు రెండేం చాల్తాయి?" అన్నాడు. చిన్న తలుపైతే కన్నంలో అగ్గిపుల్లలు జిగురుతో కుక్కినా పనవుతుందట. అది మనమే చేసుకోవచ్చు, ఏ మగాడికీ అర్జీ పెట్టక్కర్లేదు. నేను మా వంటింటి తలుపుకు చేశాను. గచ్చును గీరడం మానింది.

అలాగని అన్నిటికీ పుల్లలు కుక్కమని నేననడం లేదు. బందు రెక్క వంగినా, మధ్యలో చీల అరిగి వదులైనా దానికి మందు లేదు, మార్చాల్సిందే. అక్కడ పిసినారితనం చేస్తే మళ్ళీ భుజమే గతి. పాతది ఊడదీసి, దాన్నే సంచిలో వేసుకుని అంగడికి పోవాలి. ఒక నూలు తేడా వచ్చినా కన్నాలు కలవవు. జతలో ఒకటి అరిగిందంటే రెండోదీ అరిగే ఉంటుంది, రెండూ మార్చాలి. ఎమ్మిగనూరు పని మొత్తం బందులు, మేకులు, కూలి, మా బస్సు చార్జీలతో సహా 900 రూపాయల్లో తేలింది. గోటితో పోయేదానికి గొడ్డలి తెమ్మన్న అంగడివాణ్ణి తప్పుపట్టను. వాడి వ్యాపారం వాడిది. తలూపినవాళ్ళ మీదే నా కోపమంతా.

అందులోనూ ఎమ్మిగనూరులో! మాచాని సోమప్పగారు 1938లో నేత సహకార సంఘం పెట్టి, 1954లో పద్మశ్రీ అందుకున్న ఊరది. పోగు తెగితే మగ్గం ఆపి అతకాలని ఆ ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. అతకకుండా నేస్తూ పోయి, ఆఖర్న "కంప్లీట్ బట్ట" మార్చేవాణ్ణి నేతగాడంటారా?

ఇదంతా ఇంటి గోలేనని అన్నయ్య కొట్టిపారేయబోయాడు. అప్పుడు తుంగభద్రను గుర్తుచేశాను. 2024 ఆగస్టు 10 రాత్రి, నిండుకుండలా ఉన్న డ్యాములో 19వ గేటు కొట్టుకుపోయింది. 1953లో పూర్తయిన డ్యాము, 33 గేట్లు. తెగింది ఒక గొలుసు! దిగువ కాలువలో వచ్చే ఆ నీళ్ళే మా ఆదోని, ఎమ్మిగనూరు పొలాలకు, మేం తాగడానికి. కళ్ళముందే నీళ్ళు నదిపాలవుతుంటే ఆ వారం మా ఊళ్ళల్లో ఎవరికీ అన్నం సయించలేదు. కన్నయ్యనాయుడుగారు వచ్చి, పారే నీళ్ళలోనే అడ్డుపలకలు దింపించి వారంలోపు ఆపారు కాబట్టి ఊపిరి పీల్చుకున్నాం. తప్పెవరిదో తేల్చడానికి నేనెవర్ని? కానీ గేటంత గేటు ప్రాణం గొలుసు లంకెలో ఉందని ఆ రాత్రి జిల్లా అంతా నేర్చుకుంది. ఇంట్లో మాత్రం మర్చిపోయింది.

కైకేయి కథ మాత్రం మనకు తెలియదా? వాల్మీకంలో వేలి ముచ్చట లేకపోయినా మన అమ్మమ్మలు చెప్పిన కథ ఉంది కదా. యుద్ధం మధ్యలో దశరథుడి రథం చీల ఊడిపోతే ఆవిడ తన వేలు దూర్చి చక్రం నిలబెట్టింది. దానికి మెచ్చి రెండు వరాలన్నాడు మహారాజు. ఆ తర్వాత జరిగిందంతా ఆవిడ నెత్తిన రుద్దాం. బయల్దేరేముందు ఆ చీల చూసుకోని మనిషిని పల్లెత్తు మాట అన్నవాళ్ళు లేరు! చీలలు ఊడినచోటల్లా ఆడవాళ్ళ వేళ్ళు, భుజాలు పెట్టి నడిపిస్తున్న ఇళ్ళు మన చుట్టూ ఎన్ని ఉన్నాయో లెక్క తీయండి. మెచ్చి వరాలిచ్చే మహారాజులు ఏరీ? ఇరవై నిమిషాలు మోసిన భుజం వారం రోజులు కమిలిపోయి ఉంటే, వదినకు దక్కింది "ఎలా వేసిందో ఏమో" అన్న మాట.

ఈ సంగతి అన్నయ్యతో అమ్మ ముందే అన్నాను. కాసేపు గోడకేసి చూశాడు. తర్వాత లేచి ఆ తలుపు రెండుసార్లు తీసి వేశాడు. చప్పుడు లేదు. "సరేలే, ఏం వరాలు కావాలో అడగమను" అన్నాడు నవ్వులాటగా.

వదిన వంటింట్లోంచే జవాబు చెప్పింది: "ఒకటి, పెరటి వాకిలి పైబందు. హోలీ కాడ్నుంచి మొత్తుకుంటాండా. రెండోది ఇప్పుడడగను, కైకేయి మాదిరే దాచిపెట్టుకుంటా."

అన్నయ్య పాత బందు ఊడదీయించి, సంచిలో వేసుకుని, ఆ సాయంత్రమే అంగడికి పోయాడు.