నెల తప్పాక చూద్దామంటే ఆలస్యమే

‘ముందు నెల తప్పనీ, షుగర్ సంగతి తర్వాత చూద్దాం.’ పెళ్లికి ముందే షుగర్ ఉన్న అమ్మాయికి మన ఇళ్లలో చెప్పే ధైర్యం ఇది. వినడానికి చల్లగానే ఉంటుంది. చేసే చేటు మాత్రం అంతా ఇంతా కాదు.

లెక్క చూడండి. బిడ్డ మెదడు, వెన్నుపాములకు మూలమైన నాళం గర్భం నిలిచిన నాలుగు వారాలకే మూసుకుంటుంది. నెలసరి రెండు వారాలు ఆలస్యమైందే, పరీక్ష చేయించుకుందామా అని తల్లి అనుకునే సమయమది. ఎనిమిది వారాలు నిండేసరికి గుండె రూపు దాదాపు పూర్తవుతుంది. అప్పుడు రక్తంలో చక్కెర అదుపు తప్పి ఉంటే గర్భస్రావం, అవయవ లోపాల ముప్పు పెరుగుతుంది. మనమేమో మూడో నెల దాకా ఎవరికీ చెప్పొద్దంటాం. చుట్టాలకు చెప్పకపోతే మానె, డాక్టరుకైనా చెప్పాలిగా!

అసలు డాక్టరు దగ్గరికి వెళ్లాల్సింది గర్భానికి ముందే. లో షుగర్ రాకుండా వీలైతే హెచ్‌బీఏ1సీని (రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే పరీక్ష) 6.5 శాతం లోపుకు తేవాలి. అది 10 దాటితే గర్భం వాయిదా వేసుకోమంటాయి బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు. కళ్లు, కిడ్నీలు చూపించుకోవాలి. ఫోలిక్ యాసిడ్ మొదలెట్టాలి. గర్భానికి పనికిరాని బీపీ, కొలెస్ట్రాల్ మాత్రలుంటే డాక్టరు చేత మార్పించుకోవాలి. ఇవన్నీ ఒక్క వారంలో తేలేవి కావు.

ఇక రెండో అపోహ, ఇన్సులిన్ సూది బిడ్డకు చెరుపని. మాయను దాటి బిడ్డను చేరేది ఇన్సులిన్ కాదు, తల్లి రక్తంలోని చక్కెర. దాన్ని అరిగించుకోవడానికి బిడ్డ క్లోమం అదనంగా ఇన్సులిన్ ఊరిస్తుంది. బిడ్డ అతిగా బరువెక్కుతుంది, పుట్టగానే దాని షుగర్ పడిపోవచ్చు. ఈ సంగతి డెన్మార్క్ వైద్యుడు పెడర్సన్ గత శతాబ్దంలోనే వివరించాడు. నెలలు నిండే కొద్దీ తల్లి ఇన్సులిన్ డోసు రెండు మూడింతలు కావచ్చు. ‘రోగం ముదిరింది’ అని గుండెలు బాదుకోనక్కర్లేదు, అది మాయలోని హార్మోన్ల పని. కాన్పవగానే డోసు తగ్గించాల్సిందే.

గర్భిణి ఇడ్లీ తిన్న గంటకు వేలు పొడుచుకుంటే మీటరు 140 లోపు చూపాలి. ‘ఇద్దరి తిండి తినాలి’ అని మరో రెండు వడ్డించే చేతులకు ఈ అంకె తెలియాలి. షుగర్ సంగతి దాచి పెళ్లి చేస్తే, ఇన్సులిన్ పెన్ను అత్తింటి ఫ్రిజ్‌లో పెట్టడానికే జంకే కోడలు అదుపెలా సాధిస్తుంది?

‘విశేషమేమైనా ఉందా?’ అని నెలనెలా ఆరా తీసే పెద్దలు ముందు హెచ్‌బీఏ1సీ ఎంతుందో అడగాలి. భర్త ఆమెతో కలిసి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. షుగర్ మీటరు స్ట్రిప్పుల ఖర్చు పాలు, బియ్యంతోపాటు ఇంటి పద్దులో పడాలి.