బేజుబాన్‌కు ధూప్ కూడా గిజానే

మా ఆపా కొడుకు ఓ రోజు అట్టపెట్టెతో ఇంటికొచ్చాడు. మూత తీస్తే లోపల జానెడు పచ్చటి ప్రాణి. అమ్మీ చూసి "హాయ్ అల్లా, గిర్గిట్!" అంది. పక్కింటావిడ "ఉడుము పిల్లేమో" అంది. రెండూ కాదు, అది ఇగ్వానా. మధ్య, దక్షిణ అమెరికా అడవుల్లో చెట్టు కొమ్మల మీద ఎండ కాచుకుంటూ బతికే జీవి.

దుకాణదారు ఓ గాజుపెట్టె, ఓ ఎర్ర బల్బు చేతిలో పెట్టి "బస్, ఇంతే" అన్నాడట. పెట్టెను హాల్లో కిటికీ పక్కన ఉంచారు. ఎర్రటి వెలుగులో అది భలే ఖూబ్‌సూరత్‌గా ఉండేది. వెళ్లినప్పుడల్లా నేనూ తారీఫ్ చేసి వచ్చేవాణ్ణి. ఏడాది తిరక్కుండానే దాని వెనక కాళ్లు వాచాయి. దవడ మెత్తబడింది. కొమ్మ ఎక్కబోతే వణికేది. పశువుల డాక్టరు ఎక్స్‌రే చూసి అడిగిన మొదటి సవాల్ తిండి గురించి కాదు. "దీనికి ఎండ తగులుతోందా?" అని.

"మామూ, రోజూ ఆకులు పెట్టానుగా, ఇంకేం కావాలి?" అన్నాడు పిల్లాడు. చాలా ఇళ్లలో ఉన్న గలత్‌ఫహ్మీ ఇదే. కడుపు నింపితే హక్ తీరిపోయిందనుకుంటాం. ఇగ్వానాకు రోష్నీ కూడా గిజానే.

ఎండలో కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలుంటాయి. వాటిలో యూవీబీ అనే భాగం, ముఖ్యంగా 290 నుంచి 315 నానోమీటర్ల మధ్యది, చర్మంపై పడితేనే ఒంట్లో విటమిన్ డి3 తయారవుతుంది. అది లేకపోతే తిన్న కాల్షియం ఒంటికి పట్టదు. అప్పుడు శరీరం తన ఎముకల్లోంచే కాల్షియం లాక్కుంటుంది. ఇగ్వానా ఆకులు తినే జంతువు, ఆకుల్లో డి3 దొరకదు. మనకిది కొత్త సంగతేం కాదు. ఎండ మొహం చూడని ఇళ్లలో మన అమ్మీలకు, దాదీలకు డాక్టర్లు ఇదే విటమిన్ రాసిస్తున్నారు. తేడా ఒక్కటే. అమ్మీ మోకాళ్ల నొప్పి నోరు తెరిచి చెప్పగలదు.

"హైదరాబాద్‌లో ధూప్‌కు ఏం కమీ?" అంటారు. నిజమే, కానీ కిటికీ అద్దం వెలుతురును రానిచ్చి యూవీబీని దాదాపుగా ఆపేస్తుంది. ఎర్ర బల్బు వేడిస్తుంది, యూవీబీ ఇవ్వదు. ఇంట్లో వాడే ఎల్‌ఈడీ వెలుగిస్తుంది, అదీ ఇవ్వదు. వెలుగు, వేడి, యూవీబీ మూడూ వేర్వేరు. దుకాణంలో ఈ మూడు మాటలూ చెప్పకుండా జంతువును అమ్మడం నా దృష్టిలో సగం సౌదా, పూరా ధోకా.

ఏం చేయాలి? సరీసృపాల కోసం చేసే పొడవాటి యూవీబీ ట్యూబు పెట్టెకు పైభాగంలో పెట్టాలి. పక్కనుంచి పెడితే కళ్లకు తకలీఫ్. ఎంత దూరంలో ఉండాలో డబ్బా మీద రాసి ఉంటుంది. మధ్యలో సన్నటి జాలీ ఉంటే అది కొంత తినేస్తుంది. ట్యూబు వెలుగుతూనే ఉంటుంది గానీ, నెలలు గడిచే కొద్దీ యూవీబీ తగ్గిపోతుంది. అందుకే కంపెనీ చెప్పిన గడువుకు, సాధారణంగా 6 నుంచి 12 నెలల్లో, మార్చేయాలి. ఎండ కాచుకునే కొమ్మ దగ్గర 35 డిగ్రీల వేడి, మరో మూల చల్లదనం ఉండాలి. పగలు 12 గంటల వెలుగు, రాత్రి పూర్తిగా అంధేరా. చలికాలంలో రాత్రి వేడి కావాలంటే వెలుగివ్వని సిరామిక్ హీటర్ ఉంది.

అన్నిటికన్నా మేలైనది అసలు ఎండే. జాలీ పంజరంలో, సగం నీడ ఉండేలా, పొద్దుటి పూట మిద్దె మీద పెట్టండి, పక్కనే ఉండండి. గాజుపెట్టెను మాత్రం ఎండలో పెట్టకండి. అది నిమిషాల్లో భట్టీ అయిపోతుంది.

ఖర్చు ఎక్కువనిపిస్తోందా? అయితే కొనకండి. ఇది పిల్లి కాదు. బాగా చూసుకుంటే 15 ఏళ్లు బతకవచ్చు, తోకతో కలిపి ఐదడుగులకు పెరుగుతుంది. పైగా 2022లో సవరించిన వన్యప్రాణి చట్టం కింద ఇలాంటి విదేశీ జంతువులను ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలి. షౌక్ పిల్లాడిది కావచ్చు, జిమ్మేదారీ పెద్దలది. చేతిలోకి వచ్చిన ప్రాణి అమానత్. ఇల్మ్ ముందు, ఖరీదు తర్వాత.

మా భాంజా ఇగ్వానా బతికింది. ఇప్పుడు పొద్దున్నే మిద్దె మీద కళ్లు మూసుకుని ఎండ తాగుతుంది. పక్కనే కుర్చీ వేసుకుని అమ్మీ కూడా. ఒక వెనక కాలు మాత్రం వంకరగానే ఉండిపోయింది. అది చూసినప్పుడల్లా ఆ ఎర్ర బల్బు, నేను చేసిన తారీఫ్ గుర్తొస్తాయి.